రెండడుగుల మెరక మీద ఊరు

కోనసీమలో ఎవరైనా ఇల్లు మొదలుపెట్టారంటే ముందు వచ్చేది ఇటుకా కాదు, సిమెంటూ కాదు. బుసక, అంటే ఇసుక కలిసిన మట్టి. ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు తోలించి, స్థలాన్ని రోడ్డు కంటే అడుగో రెండడుగులో పైకి లేపుతారు. ఒక వానాకాలం దాన్ని అలా వదిలేసి, బాగా కూరుకున్నాక పునాది తీస్తారు. తొందర ఉన్నవాళ్ళు వానల దాకా ఆగరు, మోటారు పెట్టి నీళ్ళు కొట్టి దిగేలా చేస్తారు. పక్కింటాయన మనకంటే ఒక జానెడు ఎక్కువ లేపాడంటే ఇక గొడవే. ఆయన స్థలంలో పడ్డ వాన మన పెరట్లో నిలబడుతుంది మరి. మెట్ట నుంచి వచ్చిన చుట్టానికి ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. ఒక్క తుఫాను సమయంలో ఇక్కడుంటే ఆ చుట్టమే ఇంకో రెండు ట్రాక్టర్లు తోలించమంటాడు.

ఏ ఊరి వివరాలు తిరగేసినా ఒకే మూసలో ఉంటాయి. ఫలానా మండలంలో గ్రామం, పట్నానికి ఇన్ని కిలోమీటర్లు, 2011 జనగణన ప్రకారం ఇన్ని కుటుంబాలు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు, ఆడవాళ్ళు ఇందరు, మగవాళ్ళు ఇందరు, ఎస్సీలు, ఎస్టీలు, పిన్‌కోడ్. ఎత్తు సంగతి సాధారణంగా ఉండదు. ఉన్నా సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని ఊరంతటికీ కలిపి ఒకటే అంకె. డెల్టా పల్లెను అర్థం చేసుకోవాలంటే కావలసింది ఆ అంకె కాదు. ఊళ్ళోనే ఒక వీధికీ ఇంకో పేటకీ మధ్య ఉన్న రెండడుగుల తేడా కావాలి. ఎవరి ఇల్లు ఎక్కడుంది, ఏ పంట ఎక్కడుంది, వరదకు ముందు ఎవరు సామాను సర్దుకోవాలి, ఇవన్నీ చాలావరకు ఆ తేడాలోనే ఉన్నాయి.

మహారాష్ట్రలో త్రయంబకం దగ్గర పుట్టిన గోదావరి, 1,465 కిలోమీటర్ల ప్రయాణంలో చివరి మజిలీగా ధవళేశ్వరం చేరి, అక్కడ గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ. గౌతమికి తూర్పున తూర్పు డెల్టా, వశిష్ఠకు పడమర పశ్చిమ డెల్టా. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు మైలుకు ఒక అడుగు, అటూఇటూగా. అంటే దాదాపు బల్లపరుపు. ఇంత చదునైన చోట నీరు తనంతట తాను ఎటు పోవాలో తేల్చుకోలేదు. ఏ చిన్న గట్టు అడ్డం వచ్చినా ఆగిపోతుంది.

ఇక్కడే బయటివాళ్ళు పొరపడే సంగతి ఒకటుంది. మామూలు చోట్ల ఏరు పల్లంలో ఉంటుంది, ఏటికి దూరమయ్యేకొద్దీ నేల ఎత్తవుతుంది. డెల్టాలో ఇది తిరగబడింది. వేల ఏళ్ళుగా వరద పొంగినప్పుడల్లా గట్టు దాటిన నీరు ఒక్కసారిగా వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను, ముతక ఒండ్రును ఒడ్డు పక్కనే వదిలేసేది. సన్నటి బంకమట్టి మాత్రం నీటితో పాటు దూరం పోయి, నెమ్మదిగా అడుగుకు దిగేది. అలా ఏటి ఒడ్డు ఏటా కొంచెం కొంచెం పెరిగి మెరకయింది, రెండు పాయల నడిమి భాగం పల్లంగా మిగిలిపోయింది. కాబట్టి డెల్టాలో ఎత్తయిన నేల నదికి దగ్గర్లో ఉంటుంది, నీరు నిలిచే నేల నదికి దూరంగా ఉంటుంది. సముద్రం దగ్గర ఇంకో రకం మెరక ఉంది. ఒకప్పటి తీరరేఖ వెంట అలలూ గాలీ పేర్చిన ఇసుక దిబ్బలు అవి. సముద్రం వెనక్కి జరిగినా ఆ దిబ్బలు అక్కడే ఉండిపోయాయి, వాటి మీద ఊళ్ళు వెలిశాయి.

ఈ సూత్రం తెలిస్తే కాలవల లెక్క కూడా అర్థమవుతుంది. పంట కాలవ ఎప్పుడూ మెరక వెంటే పోతుంది, అప్పుడే రెండు పక్కలా పల్లానికి నీరు పారుతుంది. మురుగు కాలవ పల్లం వెంటే పోవాలి. పశ్చిమాన యనమదుర్రు, గొంతేరు, కోనసీమలో కౌశిక, తూర్పున తుల్యభాగ, ఇవన్నీ పల్లాన్ని పట్టుకుని పోయేవే. ఊరు సాధారణంగా ఈ రెంటి మధ్య సాగిపోయి ఉంటుంది. కాలవ గట్టు వైపు పాత వీధి, గుడి, రామకోవెల, పెంకుటిళ్ళు. మురుగు వైపు చేలు, ఆ చేల అంచున పేట. కొబ్బరి తోట కనిపిస్తే మెరక, వరిచేను కనిపిస్తే పల్లం అని ఒక మోటు గుర్తు. చేలగట్ల మీద కూడా కొబ్బరి వేసేశాక ఆ గుర్తు కొంత చెడింది గానీ, ముదురు తోటల విషయంలో ఇప్పటికీ పనిచేస్తుంది. ఊరి పేర్లలో కూడా నేల తీరు దాక్కుని ఉంటుంది. లంక అంటే ఏటి మధ్య మేట, దిబ్బ అంటే ఇసుక మెరక, పర్ర అంటే ఉప్పు తేలిన చవుడు నేల.

జనాభా ఇంత ఒత్తుగా ఉండటానికి కారణం ఒక్క ఒండ్రు నేలేనా అంటే కాదు. నేల ఎప్పుడూ ఉంది. 1821 ప్రాంతంలో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షలకు పైబడి ఉండేది. 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. మధ్యలో 1832–33 నందన కరువు వచ్చింది. దానికి ముందూ వెనకా వరదలు, తుఫాన్లు, అనావృష్టి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కళ్ళ ముందే గోదావరి సముద్రంలోకి పోతుంటే జనం తిండి లేక వలసపోయారు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయ్యాక ఆ దిశ మారింది. ఇప్పుడున్న బ్యారేజీ 1970లలో మొదలై 1980ల తొలినాళ్ళలో పూర్తయినది. దాని కింద సాగయ్యేది సుమారు పది లక్షల ఎకరాలు. ఊరూరా కాటన్ విగ్రహం ఉండటం వెనక భక్తి సంగతి ఎలా ఉన్నా, లెక్క మాత్రం ఉంది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. ఒక ఊరి విస్తీర్ణం 400 హెక్టార్లు, అంటే 988 ఎకరాలు, జనాభా 2,400 అనుకుందాం. చదరపు కిలోమీటరుకు 600 మంది. ఆ ఊరు ఏటి ఒడ్డునే ఉండి, ఆ 400 హెక్టార్లలో 150 ఏటి ఇసుక, లంక భూమి అయితే? మిగిలిన 250 హెక్టార్ల మీద సాంద్రత 960 అవుతుంది. అసలు ఇళ్ళన్నీ కలిపి 30 హెక్టార్ల మెరక మీదే ఉంటే, ఆ మెరక మీద చదరపు కిలోమీటరుకు 8,000 మంది నివసిస్తున్నట్టు. ఊరు అదే, జనం అదే. ఎకరాన్ని పది కుంచాలుగా చూసుకుని, అర కుంచం స్థలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే చోట ఆ మూడో అంకే వాస్తవానికి దగ్గర. జనగణన పట్టికలో కనిపించేది మాత్రం మొదటిది.

పైగా పట్టికలో ఊరంటే రెవెన్యూ గ్రామం. దాని కింద శివార్లు, పాలేలు, పేటలు ఎన్నున్నా అన్నీ కలిపి ఒకే వరస. జనం మాటల్లో మూడు ఊళ్ళు, పట్టికలో ఒకటి. ఇది ఉత్త పేరు గొడవ కాదు. మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ఆవాసాలకే ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన రోడ్డు అని నిబంధన ఉన్నప్పుడు, ఏటి అవతల విడిగా ఉన్న 400 మంది లంక ఎక్కడ లెక్కకొస్తుంది? రాష్ట్రంలో 2019లో వచ్చిన గ్రామ సచివాలయాలకు రెండు వేల జనాభా కొలత. రెండు వేలు లేని ఊరు పక్క ఊరితో కలవాలి. ఆ పక్క ఊరికి మధ్యలో పాయ ఉంటే ఒక సంతకం కోసం పడవెక్కాలి.

కనకాయలంక సంగతి చూడండి. కాగితం మీద అది పశ్చిమ గోదావరి జిల్లా, యలమంచిలి మండలం. రోడ్డు మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం నుంచి, అదీ ఒక కాజ్‌వే మీదుగా. గోదావరికి కాస్త వరద తగలగానే ఆ కాజ్‌వే మునుగుతుంది, పడవలు దిగుతాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక, ఊడిమూడిలంక ప్రజలకు కూడా వానాకాలమంటే పడవ కాలమే. వేసవిలో పాయలో వేసుకున్న మట్టి బాట మొదటి వరదకే కొట్టుకుపోతుంది. ఇలాంటి చోట ‘మండల కేంద్రానికి 6 కిలోమీటర్లు’ అని రాసి ఉంటే, అది ఏ నెలలోనో కూడా రాయాలి.

వరద లెక్క ధవళేశ్వరంలో మొదలవుతుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కిందికి వదిలే నీరు ఆ మట్టాల దగ్గర దాదాపు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. గట్టు ఇవతల ఊరివాడికి మొదటి హెచ్చరిక టీవీలో వార్త. గట్టు అవతల లంకవాడికి అది పశువులను ఇవతలికి తోలాల్సిన సమయం. ఒకే పంచాయతీలో రెండు రకాల కాలం నడుస్తుంటుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మాత్రం ఆ తేడా లేకుండా పోయింది, ఏటిగట్లకు గండ్లు పడి గట్టు ఇవతలి ఊళ్ళూ మునిగాయి. ఇప్పటికీ స్థలం బేరమాడేటప్పుడు పెద్దవాళ్ళు ‘ఎనభయ్యారులో ఇక్కడ ఎంత లోతొచ్చింది?’ అని అడుగుతారు. రిజిస్ట్రేషను కాగితాల్లో లేని కొలత అది. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. గట్లు నిలిచాయి గానీ, కింద లీకులకు ఇసుక బస్తాలు వేస్తూ రాత్రిళ్ళు కాపలా కాసిన టెన్షన్ ఊళ్ళలో ఇంకా మాటల్లో ఉంది.

ఈ గట్లు చేసిన పని ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. గట్టు వేసిన నాటి నుంచి వరద ఒండ్రు చేలల్లోకి రావడం ఆగిపోయింది. అంటే ఊరి నేల పెరగడమూ ఆగిపోయింది. పైన కట్టిన డ్యాముల్లో ఒండ్రు చాలావరకు ఆగిపోతుంది కాబట్టి సముద్రపు ఒడ్డున కొత్త నేల పుట్టడమూ తగ్గింది, అంతర్వేది లాంటి చోట్ల సముద్రమే ముందుకొస్తోంది. వేల ఏళ్ళు నది ఊరికే చేసిపెట్టిన మెరక పనిని ఇప్పుడు ట్రాక్టరు డబ్బు తీసుకుని చేస్తోంది. ఆ బుసక మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు లంక భూముల నుంచే. ఒకరి ఇల్లు రెండడుగులు లేవడానికి ఇంకెక్కడో లంకలో గొయ్యి పడుతుంది.

జనాభా వైపు చూస్తే డెల్టా పల్లె ఎప్పుడో ఆగిపోయింది. 2001 నుంచి 2011 వరకు దేశ జనాభా 17.7 శాతం పెరిగింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం. పశ్చిమ గోదావరి పెరుగుదల 3.5 శాతం, తూర్పు గోదావరి 5 శాతం పైచిలుకు. ఇది కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, భీమవరం లాంటి పట్టణాలను కూడా కలిపిన లెక్క. అవి తీసేస్తే ఎన్నో పల్లెల్లో పెరుగుదల లేనట్టే, కొన్నింట తరుగుదలే. పిల్లలు తగ్గారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో సగటున ఒక్కో మహిళకు 1.7 మంది పిల్లలు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ప్రభుత్వమే 2024లో తీసేసింది. ఒకప్పుడు ఆపరేషన్ చేయించుకోమని ఇంటింటికీ తిరిగిన వ్యవస్థే ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.

2011లో తూర్పు గోదావరిలో వెయ్యిమంది మగవాళ్ళకు 1,006 మంది ఆడవాళ్ళు, పశ్చిమ గోదావరిలో 1,004. దీన్ని చూసి ఆడపిల్లలను బాగా చూసుకునే జిల్లాలు అని మురిసిపోయేవాళ్ళున్నారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ చదువుకీ ఉద్యోగానికీ మగవాళ్ళు బయటికి పోయిన ఊళ్ళో నిష్పత్తి దానంతట అదే పెరుగుతుంది. ముసలితనంలో మిగిలేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, వాళ్ళ లెక్కా అందులోనే. మరో వైపు కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు కోనసీమలోనూ నరసాపురం వైపూ ఊరూరా ఉన్నారు. వాళ్ళు ఆ లెక్కలో లేరు. ఆ ఏడాది గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో పూర్తిగా ఊళ్ళో లేనివాళ్ళను ఊరి జనాభాలో రాయలేదు. రేషన్ కార్డులో ఉంటారు, ఓటరు జాబితాలో ఉంటారు, సంక్రాంతి మూడు రోజులూ ఉంటారు, జనాభాలో ఉండరు. కోడిపందాల బరి దగ్గర కార్లు లెక్కపెట్టి జనాభా అంచనా వేస్తే ప్రతి ఊరూ పట్టణమే అవుతుంది.

వృత్తుల గడులు ఇంకా తమాషా. పట్టికలో ‘సాగుదారులు’ అని ఒకటి, ‘వ్యవసాయ కూలీలు’ అని ఒకటి. కౌలుకు చేసేవాడు కూడా సాగుదారు కిందే వస్తాడు. డెల్టా ఊళ్ళలో నాగలి పట్టేది ఎక్కువగా కౌలురైతే, పట్టా ఉన్నవారు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కాబట్టి ఆ గడిలోని సంఖ్యను చూసి ఇంతమందికి భూమి ఉందనుకుంటే తప్పు. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది, కాలవ నీళ్ళున్న చోట సాగు మానేయడమేమిటని. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు ఒక కారణం. మురుగు కాలవలు పూడిపోయి, కోతకొచ్చిన సార్వా చేను ఏటా నీళ్ళలో పడటం ఇంకో కారణం. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది. నీరు తేవడం సులువు, నీరు పంపడం కష్టం. పల్లంలో చేను ఉన్నవాడిని అడిగితే గంటసేపు చెబుతాడు.

ఆ పల్లాలే ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. చెరువు తవ్విన మట్టితో గట్టు లేస్తుంది. అంటే ఊళ్ళో ఎత్తుపల్లాలు మళ్ళీ మారాయి. రెండు చెరువుల మధ్య ఇరుక్కున్న ఒంటరి వరిచేను మురుగు పోయే దారి లేక, ఊట ఉప్పెక్కి, రెండు మూడేళ్ళలో తానూ చెరువైపోతుంది. లోతట్టు డెల్టాలో భూమి కింది నీరు చాలాచోట్ల ఉప్పన, తాగడానికి కాలవ నీళ్ళతో నింపిన చెరువే గతి. వేసవిలో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నిండిందా లేదా అన్నది ఆ నెల ఊరి ప్రధాన వార్త. చుట్టూ ఇంత నీరు ఉండి తాగునీటికి ట్యాంకరు కోసం చూడటం ఇక్కడి వింత.

ఎస్సీ జనాభా రెండు పాత జిల్లాల్లోనూ ఐదో వంతుకు కాస్త అటూఇటూగా ఉంటుంది, చాలా పల్లెల్లో అంతకంటే ఎక్కువ. పట్టిక ఆ సంఖ్య చెబుతుంది గానీ వాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో చెప్పదు. పాత ఊళ్ళలో పేట దాదాపు ఎప్పుడూ ఊరి చివరే, చాలాసార్లు పల్లం వైపే. మెరక ఎవరిదో ఊరు పుట్టినప్పుడే తేలిపోయింది. 2020లో ఇచ్చిన ఇళ్ళ స్థలాలు కూడా డెల్టాలో చాలాచోట్ల వరిచేలల్లోనే పడ్డాయి, మెరక భూమి అమ్మేవాడు లేడు కాబట్టి. అక్కడ ఇంటి కంటే ముందు మెరకకే ఖర్చు, అదీ లబ్ధిదారుడికి అందనంత.

దీని ఫలితం ఒకటి ఈ మధ్య స్పష్టంగా కనిపిస్తోంది. ఊరి జనాభా పెద్దగా పెరగలేదు, కానీ ఊరు మెరక మీద నుంచి కిందికి జారింది. నడివీధిలో, అందరికంటే ఎత్తయిన నేల మీద, మండువా లోగిళ్ళకు తాళాలు. పెద్దావిడ ఒక్కర్తే ఉన్న ఇళ్ళు కొన్ని, ఎవరూ లేనివి కొన్ని. కొబ్బరి దింపు తీయించి డబ్బు ఫోన్‌పేలో పంపే పాలికాపు ఒకరు. ఊరి పిల్లల్లో ఎక్కువమంది ఉన్నది పేటల్లో, కాలనీల్లో, మురుగు కాలవ పక్కన. రేపు వరదొస్తే మునిగేవాళ్ళ సంఖ్య, మొత్తం జనాభా అంతే ఉన్నా, వెనకటి కంటే ఎక్కువ.

2021లో జరగాల్సిన జనగణన వాయిదాల మీద వాయిదాలు పడి, ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. దానికి ముందు ఇళ్ళ జాబితా. అందులో ప్రతి ఇంటికీ ఒక నంబరు పడుతుంది, ఖాళీగా ఉన్నదానికి ఖాళీ అని రాస్తారు. ఊరి వివరాల పట్టికలోకి చివరికి ఎక్కేది కుటుంబాల సంఖ్యే గానీ ఇళ్ళ సంఖ్య కాదు. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఎంతో ఊరి వారీగా బయటపెడితే డెల్టా గురించి చాలా సంగతులు ఒక్కసారిగా తెలుస్తాయి. నడివీధిలో ఆ తాళం వేసిన ఇంటి గోడ మీద, ఎనభయ్యారు వరద నీళ్ళు ఆగిన చార పైన ఎక్కడో, ఆ కొత్త నంబరు కూడా పడుతుంది.